బతికి వచ్చినవారికి మన వంతు

(కడపలోని ఒక మొహల్లా షాదీఖానాలో పింఛనుదారులు, యువకులు, మహిళలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు నడిపి విరమించిన గుమాస్తాలం. గుండె శస్త్రచికిత్స గురించి మీ ముందు మాట్లాడే అర్హత మాకు చదువు వల్ల రాలేదు. గత నాలుగేళ్లలో మన మొహల్లాలో ఒంటరిగా నివసిస్తున్న ముగ్గురికి బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఒకరి విషయంలో మేము తప్పు చేశాం. ఒకరి విషయంలో నేర్చుకున్నాం. మూడవ పేరు ఈ వేదిక మీద నిలుచున్న మాదే. కార్యాలయపు అలవాటు కొద్దీ ‘మేము’ అంటున్నాం గాని, కోసిన ఛాతీ ఒకటే.

మనది పెద్ద కుటుంబాల సమాజమని చెప్పుకుంటాం. ఒకసారి మన వీధుల్లో నడిచి చూడండి. కొడుకులు కువైట్‌లో, రియాద్‌లో ఉంటారు. కూతుళ్లు అత్తవారిళ్లలో ఉంటారు. భార్యను పోగొట్టుకున్న భర్త, భర్తను పోగొట్టుకున్న భార్య మూడు గదుల ఇంట్లో ఒక గదిలోనే దీపం వెలిగించుకుని బతుకుతుంటారు. నెలనెలా డబ్బు వస్తుంది, వారం వారం వీడియో కాల్ వస్తుంది. గుండె నొప్పి మాత్రం వారాలు చూసుకుని రాదు.

మొదటి తప్పు

మొదటివారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి విరమించిన భాయిసాబ్. ఆయన డిశ్చార్జి అయి ఇంటికి వచ్చిన రోజు ఆ వీధిలో చెప్పులు విడవడానికి చోటు లేదు. మూడు రోజులు జనం వస్తూనే ఉన్నారు. షుగరు ఉన్న మనిషి గదిలో అరటిపళ్లు, బత్తాయిలు, స్వీటు డబ్బాలు పేరుకుపోయాయి. ఐదో రోజుకు నలుగురం మిగిలాం. తొమ్మిదో రోజుకు ఎవరమూ లేము. ప్రతివారూ మరొకరు వెళ్లి ఉంటారనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం.

పన్నెండో రోజు ఉదయం కుళాయి వచ్చింది. ఆయన రెండు బకెట్ల నీళ్లు తానే ఎత్తి లోపలికి తెచ్చుకున్నారు. ఆ రాత్రి ఛాతీలో ఎముక టక్కుమన్నట్టు అనిపించిందట. మరో మూడు రోజులకు కుట్ల దగ్గర చీము, జ్వరం. తిరిగి ఆసుపత్రి, ఎముకకు మళ్లీ తీగలు, ఇరవై ఆరు రోజుల పడక. వైద్యులు ఒక్క కారణం చెప్పలేదు. షుగరు, బరువు, ఇన్ఫెక్షన్ అన్నీ కలిసి ఉండవచ్చన్నారు. ఆ బకెట్లు ఎత్తగలిగిన చేతులు ఆ వీధిలో కనీసం యాభై ఉన్నాయన్నది మాత్రం మాకు తెలుసు.

పరామర్శకు వెళ్లినప్పుడు ఆయన మాతో అన్న మాట ఇది: “నేను పోయి ఉంటే మీరంతా ఒకేసారి వచ్చేవారు. బతికాను కాబట్టి ఒక్కొక్కరుగా రావలసి వచ్చింది. అదే మీకు కష్టమైంది.”

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మన మొహల్లాలో ఒక మరణం సంభవిస్తే గంటలో అంతా కదులుతుంది. గుసుల్ ఇచ్చేవారు, కఫన్ తెచ్చేవారు, ఖబర్ తవ్వించేవారు, ఆ ఇంటికి భోజనం పంపేవారు ఎవరి పనికి వారు లేస్తారు. అది ఫర్జె కిఫాయా. కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యత తీరుతుంది, ఎవరూ చేయకుంటే అందరూ దోషులే. రోగిని పరామర్శించడం కూడా ముస్లింకు ముస్లిం మీద ఉన్న హక్కుల్లో ఒకటని మనం చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఆ హక్కును పళ్ల సంచితో తీర్చేస్తున్నాం. ఈరోజు మా మనవి అంతా దీని గురించే.

శస్త్రచికిత్సకు భయపడకండి

గుండె కండరానికి రక్తం అందించే నాళాలు పూడుకుపోయినప్పుడు, ఆ పూడికను దాటించి రక్తానికి కొత్త దారి వేయడమే బైపాస్. కాలి నుంచి తీసిన సిరను, ఛాతీ లోపలి ధమనిని అందుకు వాడతారు. కాలి సిరతో చేసే ఈ పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో అర్జెంటీనా దేశస్థుడైన డాక్టర్ రెనే ఫవలోరో స్థిరపరచారు. మన దేశంలో 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ తొలి బైపాస్ చేశారు. అంటే ఇది అర్ధ శతాబ్దంగా ఇక్కడ జరుగుతున్న పని. ఆసుపత్రి చేయవలసినది సాధారణంగా వారం, పది రోజుల్లో ముగుస్తుంది. కోసిన రొమ్ము ఎముకను ఉక్కు తీగలతో కట్టి పంపుతారు. ఆ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలు జరిగేది ఇంట్లో. ఒంటరివారికి అసలు పరీక్ష అక్కడే.

సోదరీమణులకు ఒక మాట. గుండె జబ్బు స్త్రీలలో ఎప్పుడూ ఛాతీ నొప్పిగానే రాదు. ఆయాసం, దవడ నొప్పి, వెన్ను నొప్పి, వికారం, కారణం లేని అలసట రూపంలో కూడా వస్తుంది. మా రెండవ రోగి, బట్టలు కుట్టి బతికే ఖాలాజాన్, రెండు నెలలు దానిని గ్యాస్ అనుకుని సోంపు నీళ్లు తాగారు. మెట్టు ఎక్కితే ఆయాసం వస్తున్నప్పుడు ఇంట్లో వైద్యం చేసుకుంటూ కూర్చోకండి.

కాగితాలు ముందే సరిచూసుకోవాలి

గుమాస్తాలం కనుక కాగితాల సంగతి ముందు చెబుతాం. ప్రభుత్వోద్యోగంలో విరమించినవారికి ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉంటుంది. బియ్యం కార్డు కుటుంబాలకు 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఉంది. దానిలో చేరిన ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి కూర్చుంటారు. మొదట కలవవలసినది ఆయననే. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఏర్పాటును 2024లో కేంద్రం తెచ్చింది. తొందర లేని ఆపరేషన్‌కు ముందుగా అనుమతి రావాలి.

ఆ అనుమతి మనవారికి ఎక్కువగా ఎక్కడ ఆగుతుందో చెప్పమంటారా? పేరు దగ్గర. ఆధార్‌లో ‘షేక్’ అని పూర్తిగా ఉంటుంది, బియ్యం కార్డులో ‘ఎస్.కె.’ అని ఉంటుంది, పింఛను పుస్తకంలో ఇంటిపేరు చివరికి పోతుంది. ‘బీ’ ఒకచోట ఉంటుంది, ఒకచోట ‘బేగం’ అవుతుంది. ఖాలాజాన్ ఫైలు ఈ ఒక్క కారణంగా ఐదు రోజులు కదలలేదు. నొప్పి వచ్చాక మీసేవ కేంద్రం ముందు నిలబడలేరు. ఈ నెలలోనే మీ కార్డులన్నీ ఒక బల్ల మీద పరచి అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఎలా చూడాలో తెలియనివారు శుక్రవారం జుమా తరువాత మా దగ్గరికి రండి.

రెండవది సంతకం. నగరంలోని ఒక ఆసుపత్రిలో మా వంతు వచ్చినప్పుడు కౌంటరులో అమ్మాయి “కొడుకు సంతకం కావాలి తాతగారూ” అన్నది. కొడుకు రియాద్‌లో ఉన్నాడు. రెండు పూటలు ఆ కౌంటరు ముందు నిలబడ్డాం. స్పృహలో ఉండి, ఆలోచించగల వయోజనుడు తన చికిత్సకు తానే సమ్మతి ఇవ్వవలసి ఉంటుంది. అతని బదులు మరొకరు ఇచ్చే సమ్మతి చెల్లదు. సమీరా కోహ్లీ వర్సెస్ డాక్టర్ ప్రభా మంచందా కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. ఆ కేసులో రోగి మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన సమ్మతిని కోర్టు అంగీకరించలేదు. కనుక ఒంటరివారి శస్త్రచికిత్స కొడుకు లేడని ఆగనక్కర లేదు.

అయితే ఆసుపత్రివారి భయమూ అర్థం చేసుకోవాలి. రోగి మత్తులో ఉన్నప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, మందు ఎవరు తేవాలి, రక్తదాతలను ఎవరు పిలవాలి అన్నది వారి ప్రశ్న. అందుకే ముందే ఒక కాగితం రాసుకోండి. నా శస్త్రచికిత్సకు నా సమ్మతి ఉంది, నేను స్పృహలో లేనప్పుడు సంప్రదించవలసినవారు వీరిద్దరు, వారి ఫోన్ నెంబర్లు ఇవి అని. ఆ ఇద్దరినీ వెంట తీసుకెళ్లి వైద్యునికి చూపించండి. మా విషయంలో చివరికి తలుపు తెరిచింది ఆ కాగితమే.

మూడవది ఇంటి లెక్క. ఎవరికి ఎంత బాకీ ఉన్నాం, ఎవరి అమానత్ మన దగ్గర ఉంది, మన అమానత్ ఎవరి దగ్గర ఉంది అన్నది రాసి పెట్టాలి. వసీయత్ రాయదలచినవారు మూడవ వంతు పరిమితిని గుర్తుంచుకుని ఆలిమ్‌ను అడిగి రాయాలి. ఇది చావుకు సిద్ధపడడమని కొందరు భయపడతారు. మేము ఆ కాగితం రాసి కవరులో పెట్టిన రాత్రే నిద్రపోయాం. పింఛనుదారులు ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువీకరణ పత్రం గడువు ఆసుపత్రి రోజుల్లో పడుతుందేమో కూడా చూసుకోండి. ఏటీఎం రహస్య సంఖ్య మాత్రం ఎంత ఆప్తులకైనా ఇవ్వకండి. ఖర్చుకు కావలసిన నగదు లెక్క రాసి అప్పగించండి.

ఒంటిని, ఇంటిని సిద్ధం చేయడం

పొగ తాగేవారు ఆ రోజే మానాలి. షుగరు అదుపులోకి రానిదే గాయం సరిగా మానదు. రక్తం పలుచబరిచే మాత్రల్లో కొన్నింటిని ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు ఆపమంటారు, కొన్నింటిని కొనసాగించమంటారు. ఏది ఎప్పుడన్నది వైద్యుడు చెప్పాలి. పక్కింటివారికి చెప్పిన పద్ధతి మనది కాదు. వాడుతున్న మందులన్నీ, యునానీ, ఆయుర్వేదం మందులతో సహా, సంచిలో వేసుకుని వెళ్లి చూపండి. మూడు బంతులు పైకి లేచే శ్వాస పరికరం ఇస్తారు. దానిని ముందునుంచే సాధన చేస్తే తరువాత ఊపిరితిత్తుల్లో కఫం పట్టకుండా కాపాడుతుంది. ఛాతీ మీది వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో తీసుకోవద్దు. చిన్న గాటు కూడా ఇన్ఫెక్షన్‌కు దారి అవుతుంది.

మాలో ఒకరు హెపారిన్ గురించి అడిగారు. ఆపరేషన్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆ మందును సాధారణంగా పంది పేగు పొర నుంచి తయారు చేస్తారు. ఈ సంగతి తెలిసి ఆపరేషన్ వద్దనుకున్నవారు ఉన్నారు. ప్రాణరక్షణకు తగిన ప్రత్యామ్నాయం లేని అవసరంలో షరీఅత్ సడలింపు ఇస్తుందన్నది ఉలమా చెప్పే సూత్రం. అనుమానం ఉన్నవారు ముందే వైద్యుణ్ణి, ఆలిమ్‌ను ఇద్దరినీ అడిగి మనసు తేల్చుకోండి. ఆపరేషన్ బల్ల మీద సందేహంతో పడుకోవద్దు.

ఇక ఇల్లు. తిరిగి వచ్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బకెట్ పదిహేను కిలోలకు పైనే ఉంటుంది. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు ముప్పై కిలోలు. చేతులు ఆనించి పైకి లేవకూడదు, బరువు లాగకూడదు, నెట్టకూడదు. కనుక వెళ్లకముందే నేల మీది పడకను మంచం మీదికి మార్చండి. చేతుల సాయం లేకుండా లేవడానికి మంచం, కుర్చీ ఎత్తుగా ఉండాలి. నేల మరుగుదొడ్డి ఉంటే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ తెప్పించండి. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, చిన్న మగ్గు ఉంచండి. రోజూ వాడే గిన్నెలు, మందులు, బియ్యం డబ్బా నడుము ఎత్తులో అందేలా సర్దండి. అటక మీద చేయి పెట్టే అవసరం రాకూడదు.

అన్నిటికంటె ముఖ్యం గడియ. ఒంటరిగా ఉండేవారు దొంగల భయంతో లోపల రెండు గడియలు వేస్తారు. లోపల పడిపోతే తలుపు పగలగొట్టవలసి వస్తుంది. బయటినుంచి తాళంచెవితో తెరుచుకునే తాళం పెట్టి, ఒక చెవి నమ్మకమైన ఇరుగుపొరుగుకు ఇవ్వండి. స్నానాల గదికి గడియ వేయవద్దు. మా చెవి ఎదురింటి వెంకటమ్మగారి పూజగదిలో మూడు నెలలు ఉంది.

ఇంటికి వచ్చాక

ముందే ఒక మాట స్పష్టంగా చెబుతాం. మొదటి రెండు వారాలు రాత్రి ఒంటరిగా ఉండకూడదు. “నేను చూసుకోగలను” అనే పెద్దమనిషిని నమ్మకండి. మమ్మల్నీ నమ్మవద్దు, మేమూ అదే అన్నాం.

వైద్యులు రాసిచ్చిన మాత్రలు మానకూడదు. బాగుందని ఒకటి, డబ్బు అయిపోయిందని ఒకటి ఆపడం మనవారికి అలవాటు. దగ్గు వస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. సిర తీసిన కాలు వాస్తుంది. కూర్చున్నప్పుడు ఎత్తు మీద పెట్టాలి. మొదట ఇంట్లోనే ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు నడవాలి. తరువాత కొద్దికొద్దిగా పెంచాలి. స్కూటరు జోలికి వైద్యుడు చెప్పేవరకు పోవద్దు. స్త్రీలు ఛాతీకి మెత్తని ఆధారమిచ్చే లోదుస్తులు ధరిస్తే గాయం మీద లాగుడు తగ్గుతుంది.

రోజూ ఉదయం ఒకే వేళకు బరువు చూసి కాగితం మీద రాయాలి. ఒక్క రోజులో కిలో గాని, వారంలో రెండు కిలోలు గాని పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నదని అనుమానించి వైద్యునికి ఫోన్ చేయాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, గాయం ఎర్రబడితే, చీము కారితే, ఎముక టక్కుమంటే, గుండె అదుపు తప్పి కొట్టుకుంటే ఆ రోజే చూపించాలి. ఛాతీ నొప్పి, తీవ్రమైన ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, మాట తడబడడం కనిపిస్తే ఎవరినీ అడగనక్కర లేదు, 108కి ఫోన్ చేయాలి.

ఇంకొక సంగతి మగవారు చెప్పుకోరు. మేము చెబుతాం. తొమ్మిదో రాత్రి మాకు ఏడుపు వచ్చింది. నొప్పి లేదు, దుర్వార్త లేదు. గోడ మీది క్యాలెండరు చూస్తూ ఏడ్చాం. కొడుకు వీడియో కాల్ చేసినప్పుడు మాత్రం “అంతా బాగుంది బేటా” అని ఫోన్‌ను గాయం కనిపించకుండా ఎత్తి పట్టుకున్నాం. ఆ రాత్రి మా ఇంట్లో పడుకునే వంతు ఒక ఇంటర్ కుర్రవాడిది. అతను చూశాడు. ఏమీ అడగలేదు. చక్కెర లేని చాయ్ పెట్టి మా పక్కన కూర్చుని తన పాఠం తాను చదువుకున్నాడు. ఈ ఆపరేషన్ తరువాత దిగులు, నిద్రలేమి, మతిమరుపు చాలామందికి వస్తాయని వైద్యుడు తరువాత చెప్పారు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే దానికీ చికిత్స ఉంది. అది ఈమాన్ లోపం కాదు, దాచుకోవలసినదీ కాదు.

నమాజు, రోజా

ఎముక అతుక్కునేవరకు నేల మీదికి వంగి చేతులు ఆనించి లేచే సజ్దా ప్రమాదం. కుర్చీలో కూర్చుని సైగతో రుకూ, సజ్దా చేయవచ్చు. నీరు గాయానికి హాని చేస్తుందని వైద్యుడు అంటే తయమ్ముమ్ ఉంది. జమాఅత్‌కు రాలేకపోయినందుకు రోగి బాధపడనక్కర లేదు. రమజాన్‌లో మందులు రోజుకు మూడు నాలుగు వేళల్లో వేసుకోవలసినవారికి రోజా వాయిదా వేసుకునే సడలింపు ఉంది. కోలుకున్నాక తీర్చుకోవచ్చు. ఇక కోలుకునే ఆశ లేనివారికి ఫిద్‌యా ఉంది. ఈ సడలింపును కాదని కుట్లు విప్పుకోవడం భక్తి అనిపించుకోదు. పెద్దలు రోగి ముందు “నేనైతే ఒక్క రోజా వదల్లేదు” అని చెప్పడం మానాలి.

వంతుల పుస్తకం

భాయిసాబ్ మాట విన్న తరువాత మేము ఒక పాత లెడ్జరు తీశాం. ఖాలాజాన్ ఆపరేషన్‌కు ముందే అందులో నలభై రెండు రోజులకు గీతలు గీశాం. ఒక్కొక్క రోజుకు ఐదు గడులు: నీళ్లు, వంట, మందులు, నడక, రాత్రి. ప్రతి గడిలో ఒక్క పేరే ఉంటుంది. ఇద్దరి పేర్లు రాస్తే ఇద్దరూ రారని మాకు తెలిసిపోయింది. రాత్రి గడులన్నీ మహిళలే పంచుకున్నారు. ఆమె స్నానం, కట్టు సంగతులు ఇద్దరు ఆపాలు చూసుకున్నారు. వంట గడి నింపేవారికి ఒక చీటీ ఇచ్చాం: ఉప్పు తక్కువ, నూనె తక్కువ, నిహారీ వద్దు, ఖీర్ వద్దు. రోజూ ఉదయం ఏడింటికి ఆమె ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. రాకపోతే ఏడుంపావుకు చెవి ఉన్నవారు తలుపు తెరవాలి. నలభై రెండు రోజుల్లో రెండుసార్లు అలా తెరిచారు. ఒకసారి ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. రెండోసారి ఆమె జ్వరంతో లేవలేకపోయారు. గంటలో ఆసుపత్రికి చేర్చారు. ఆమె నేడు ఆ వెనుక వరుసలో కూర్చుని ఉన్నారు.

పరామర్శకు వచ్చేవారికి తలుపు మీద కాగితం అంటించాం. పది నిమిషాలు, ఇద్దరికి మించకుండా, జలుబు ఉన్నవారు గుమ్మం బయటినుంచే. కొందరు కోపగించారు. రోగి ఇంటికి వెళ్లి గంట కూర్చుని, మన బంధువుల్లో ఇదే ఆపరేషన్‌లో ఎవరు పోయారో చెప్పి రావడం పరామర్శ కాదని వారికి నెమ్మదిగా వివరించాం. మనసు నిండా ప్రేమ ఉన్నవారు ఆ ప్రేమను బకెట్‌లో చూపించాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జకాత్‌ను అర్హులైన పేద రోగుల కోసం ఇవ్వవచ్చు. పింఛను తీసుకునే మాలాంటివారికి అది చెందదు. అందుకే రాత్రి మనిషికి కూలి ఇవ్వవలసి వచ్చినప్పుడు, కమోడ్ కుర్చీ కొనవలసి వచ్చినప్పుడు వాడడానికి ఒక విడి చందా పెట్టె పెట్టాం. ఒక కుర్చీ, ఒక బరువు యంత్రం, ఒక బీపీ మిషను ఇప్పుడు మస్జిద్ గదిలో ఉన్నాయి. అవి ఒక ఇంటి తరువాత ఒక ఇంటికి వెళతాయి. మా తరువాత ఆ కుర్చీ ఎదురు వీధి సుబ్బారాయుడుగారింటికి వెళ్లింది.

మా మూడు విన్నపాలు వినిపించి ముగిస్తాం. కమిటీ పెద్దలకు: జనాజా సామగ్రికి ఒక గది ఉంచినట్టే రోగుల సామగ్రికీ ఒక అలమర కేటాయించండి. విదేశాల్లో ఉన్న బిడ్డలకు ఈ మాటలు చేరవేయండి: డబ్బుతో పాటు ఇక్కడ ఒక మనిషి పేరు, ఫోన్ నెంబరు మీ దగ్గర ఉంచుకోండి, వారానికి ఒకసారి ఆ మనిషికి కూడా ఫోన్ చేయండి. ఒంటరిగా ఉండే పెద్దలకు: సహాయం అడగడానికి సిగ్గుపడకండి. మాకు ఒక కుర్రవాడు వుజూ నీళ్లు పోసిన మొదటి రోజు తల ఎత్తలేకపోయాం. నాలుగో రోజుకు అతని నాన్న బాల్యం గురించి కథలు చెప్పుకుంటున్నాం. అతనికి ఆ కథలు మరెవరు చెబుతారు?

వచ్చే నెల మన మొహల్లాలో మరొకరికి ఆపరేషన్ ఉంది. పేరు చెప్పము, ఆయన చెప్పవద్దన్నారు. లెడ్జరు అక్కడ గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. పన్నెండో రోజు గడులు ఐదూ ఖాళీగానే ఉన్నాయి. చాయ్ తాగడానికి వెళ్లేముందు పేరు, ఫోన్ నెంబరు రాసి వెళ్లండి.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. వస్సలాము అలైకుమ్.